ఘాటు గులాబీ సెంటు తక్కువ రేటులో కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు (మన వైజాగ్ వాళ్ళకి)

ఇవన్నీ నన్ను నిజంగానే అడిగిన ప్రశ్నలు. కొన్ని మా చుట్టాల గ్రూపులో, కొన్ని ఆఫీసులో లంచ్ టైంలో, ఒకటైతే మేడ మీద బట్టలారేస్తుంటే పక్కింటావిడ అడిగింది. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఒకచోట రాసి పడేస్తున్నా. నేను సెంట్లు అమ్మను, ఏ కంపెనీ వాడూ నాకు ఫ్రీగా సీసా ఇవ్వలేదు (ఇస్తే వద్దనను, అది వేరే విషయం). ఎంవీపీ కాలనీలో ఉంటా, జీతం మామూలు, ముక్కు మాత్రం కొంచెం ఎక్కువ పనిచేస్తుంది.

అక్కా, అసలు ఘాటు గులాబీ అంటే ఏటి? పెళ్ళిలో జల్లే పన్నీరు వాసనేనా?

కాదమ్మా. పన్నీరు అంటే నీళ్ళలో గులాబీ, చల్లగా తియ్యగా ఉండి బుడ్డి దించేలోపే పోతుంది. ఘాటు గులాబీ అంటే అదే గులాబీని తీసుకెళ్ళి పోపుల పెట్టె పక్కన పెట్టినట్టు. పూర్ణా మార్కెట్లో పూలు కొనుక్కుని ఆ సంచితోనే మసాలా దినుసులు అమ్మే కొట్టు ముందు నిలబడ్డావనుకో, చేతిలో గులాబీలు, ఎదురుగా లవంగం, దాల్చినచెక్క, జాపత్రి, మిరియాల గోనెలు, పక్క కొట్టువాడు అప్పుడే సాంబ్రాణి వేశాడు, ఆ మొత్తం వాసన ఒకేసారి ముక్కుకి తగులుతుంది కదా, సుమారుగా అదీ. కింద గంధం, పచౌలీ (తడిమట్టి లాంటి వాసనొచ్చే ఒక ఆకు) లాంటి బరువైనవి ఉంటాయి కాబట్టి సాయంత్రం వరకూ నిలబడుతుంది.

గులాబీకీ లవంగానికీ ఎందుకంత బాగా కుదురుతుందంటే, లవంగానికి ఆ ఘాటు ఇచ్చే యూజినాల్ అనే పదార్థం గులాబీ నూనెలో కూడా కొంచెం ఉంటుంది. అంటే వాళ్ళు ముందే చుట్టాలన్నమాట, మనం కొత్తగా సంబంధం కలపక్కర్లేదు.

అందరూ ఊరికే పేర్లు చెప్తుంటారు, ఆ ఖరీదైనవి ఏవి?

ఎక్కువగా వినపడేది ఫ్రెడెరిక్ మాల్ అనే సెంటు కంపెనీ వాళ్ళ 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ'. 2010లో వచ్చింది, చేసినాయన డొమినిక్ రోపియాన్. టర్కీ గులాబీ, లవంగం, దాల్చినచెక్క, కొంచెం రాస్‌బెర్రీ పులుపు, కింద పచౌలీ, ధూపం, గంధం. వంద మిల్లీ సీసా ముప్పై వేలు దాటుతుంది, మన ఇంటద్దె కంటే ఎక్కువ. రెండోది లె లాబో 'రోజ్ 31', 2006 నాటిది, ఇందులో జీలకర్ర ఉంటుంది, అవును మన జీలకర్రే, దాని గురించి కింద ఒక కథ ఉంది. మూడోది ఒమాన్ కంపెనీ అమువాజ్ వాళ్ళ 'లిరిక్ వుమన్', 2008, యాలకులు, అల్లం, దాల్చినచెక్క, ధూపం కలిపిన గులాబీ, పాయసం చేసిన ఇంట్లో ఎవరో పూజ చేస్తున్నట్టుంటుంది.

ఈ మూడూ గులాబీలే, మూడూ ఘాటే, కానీ ఒకదానికొకటి సంబంధం లేదు. అందుకే "ఘాటు గులాబీ సెంటు చౌకలో చెప్పు" అంటే నేను వెంటనే పేరు చెప్పను, ముందు ఎదురు ప్రశ్న వేస్తా. అందులో నీకు ఏం నచ్చింది? గులాబీయా, మసాలానా, చివర్లో చొక్కా మీద మిగిలే ఆ ధూపం గంధమా? మొత్తం సెంటుకి కాపీ వెతికితే డబ్బులు పోతాయి, నచ్చిన ముక్కకి వెతికితే దొరుకుతుంది. నా అనుభవం మొత్తం ఇంతే, మిగతాదంతా వివరాలు.

అంత రేటు ఎందుకు? నిజంగా గులాబీలేనా?

కొంత నిజం కొంత షోకు. ఒక కిలో గులాబీ నూనె రావాలంటే మూడున్నర నాలుగు టన్నుల రేకులు కావాలి, అవి కూడా తెల్లారకుండా కోసినవి, ఎండ ఎక్కితే నూనె ఎగిరిపోతుంది. బల్గేరియాలో కజన్లక్ లోయ, టర్కీలో ఇస్పార్టా, మన దేశంలో కన్నౌజ్, ఇవీ పేరున్న చోట్లు. కడియం నర్సరీల నుంచి మనం తెచ్చుకునే పెద్ద పెద్ద హైబ్రిడ్ గులాబీలు ఉంటాయే, చూడ్డానికి బొద్దుగా బానే ఉంటాయి, చాలావాటికి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ రాదు. మా అమ్మమ్మ పెరట్లో ఉండే చిన్న నాటు గులాబీకే వాసన.

కానీ సీసాలో ఉన్నదంతా ఆ నూనె కాదు. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, జెరానియాల్, సిట్రోనెల్లాల్ లాంటివి ఫ్యాక్టరీలో కూడా చేస్తారు. జెరానియాల్ అయితే రోషా గడ్డి నూనెలో బోలెడంత ఉంటుంది, గులాబీ నూనెలో ఆ గడ్డి నూనె కలిపి కల్తీ చెయ్యడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఖరీదైన సెంటుల్లో కూడా ఈ ఫ్యాక్టరీ సరుకు ఉంటుంది, అదేం తప్పు కాదు. మిగతా రేటు సీసాకి, డబ్బాకి, పేరుకి, అద్దాల షాపులో ఏసీకి.

మరి చౌకవాడు ఎక్కడ పొదుపు చేస్తాడు? మొదటి పది నిమిషాల్లో చెయ్యడు, ఎందుకంటే మనం షాపులో వాసన చూసేది అప్పుడే. కింద ఉండే గంధం, పచౌలీ, ధూపం దగ్గర చేస్తాడు. అందుకే చాలా డూపులు (ఖరీదైనదానిలా వాసనొచ్చేలా చేసిన చౌక సెంట్లు) కొట్టగానే "అబ్బా అచ్చం అదే" అనిపిస్తాయి, మూడు గంటల తర్వాత బట్టల సబ్బు వాసన మిగులుతుంది.

డూపు, ఇన్‌స్పైర్డ్, ఫస్ట్ కాపీ అన్నీ ఒకటేనా?

అస్సలు కాదు. డూపు, క్లోన్, ఇన్‌స్పైర్డ్ అంటే వాసన దగ్గరగా చేసి తన సొంత పేరుతో, తన సొంత డబ్బాలో అమ్మేది. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ అంటే వేరేవాడి పేరూ లోగో వేసుకున్న దొంగ సరుకు, అందులో ఏం పోశారో ఎవడికీ తెలీదు. మొదటిది నీ ఇష్టం, రెండోది ఫ్రీగా ఇచ్చినా వద్దు. నేను ఒకసారి పడ్డాను ఈ గోతిలో. జగదాంబ వైపు ఒక చిన్న షాపులో (పేరెందుకులెండి) "మేడమ్, డ్యూటీ ఫ్రీ నుంచి డైరెక్టుగా వచ్చింది" అని మూడు వేలకి ఇచ్చాడు, నేను కూడా తెలివైనదాన్నే అనుకుని బేరం ఆడి రెండు వేల ఆరొందలకి తెచ్చా, ఇంటికొచ్చి చూస్తే డబ్బా మీద అంకె ఒకటి సీసా అడుగున అంకె ఇంకోటి, మెడ మీద దద్దుర్లు మూడు రోజులు. డబ్బా మీదా సీసా మీదా ఉండే బ్యాచ్ కోడ్ ఒకటే ఉండాలి, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అవి కలిసినా అసలుదే అని గ్యారంటీ లేదు, కలవకపోతే మాత్రం నకిలీ అనే అనుకోండి.

సరే అక్కా, ఇక పేర్లు చెప్పు.

చెప్తా, కానీ ఏ ముక్క నచ్చిందో దాన్ని బట్టి.

కుంకుమపువ్వు, గులాబీ, తియ్యదనం నచ్చితే స్విస్ అరేబియన్ వాళ్ళ 'షగాఫ్ ఊద్'. పేరులో స్విస్ ఉన్నా దుబాయ్ వైపు కంపెనీ, 1974 నుంచి ఉంది. కుంకుమపువ్వు, గులాబీ, ఊద్ (అంటే అగరు చెక్క), కింద వెనీలా మిఠాయి. పైన చెప్పిన పెద్దవాటితో పోలిస్తే రేటు పదో వంతు అటూఇటూ ఉంటుంది. పోర్ట్రెయిట్ లాగా ఉండదు, దానికంటే తీపి ఎక్కువ, కానీ పెళ్ళికి వేసుకెళ్తే పదిమంది అడుగుతారు. రెండు స్ప్రేలు చాలు. నాలుగు కొట్టుకుంటే ఆటోవాడు కూడా వెనక్కి తిరిగి చూస్తాడు.

మసాలా ఉండాలి, తీపి వద్దు, కొంచెం పొగరుగా ఉండాలి అనుకుంటే ఏజెంట్ ప్రొవొకేటర్ వాళ్ళ మొదటి సెంటు, 2000లో వచ్చింది, గులాబీ ఆకారంలో కాదు గానీ గుడ్డు ఆకారంలో గులాబీ రంగు సీసా. కుంకుమపువ్వు, ధనియాలు, గులాబీ. ధనియాలంటే నవ్వకండి, కొట్టుకున్నాక తెలుస్తుంది. ఇది మాల్‌లో కనిపించేది కాదు, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి.

అడుగున ఉండే పచౌలీ, ఆ చీకటి చీకటి గులాబీ నచ్చితే కొత్తవాటి వెనక పడకండి, పాతవి చూడండి. క్లినిక్ అనే కంపెనీ వాళ్ళ 'అరోమాటిక్స్ ఎలిక్సిర్' 1971 నాటిది, ఎస్తే లాడర్ 'నోయింగ్' 1988. రెండూ గులాబీ పచౌలీ మీద కట్టినవే, ఖరీదైన కొత్త గులాబీలకి పెద్దమ్మలు అనుకోండి. మా చెల్లి వాసన చూసి "హెడ్ మిస్ట్రెస్ వాసనొస్తోంది" అంది, నాకైతే అదే నచ్చింది. ఇవి మరీ చవక కాదు కానీ ముప్పై వేలతో పోలిస్తే చాలా తక్కువ, పైగా సరుకులో మోసం ఉండదు.

గులాబీ ఒక్కటే ముఖ్యం, మసాలా నేను చూసుకుంటా అంటే పెర్ఫ్యూమర్స్ వర్క్‌షాప్ వాళ్ళ 'టీ రోజ్'. కాడతో, ఆకుతో సహా అప్పుడే కోసిన గులాబీలా ఉంటుంది. ఒంటరిగా కొంచెం మొరటు, కింద అత్తరు వేసి పైన ఇది కొడితే మాత్రం అద్భుతం. ఆ లెక్క కింద ఉంది.

దుబాయ్ బ్రాండ్లు లట్టాఫా, అర్మాఫ్, అఫ్నాన్, రసాసి, మన అస్సాం నుంచి వెళ్ళి పెద్దదైన అజ్మల్, వీటన్నిటిలో గులాబీవి బోలెడు ఉన్నాయి. 'ముఖల్లత్' అని పేరులో ఉంటే చాలాసార్లు గులాబీ, ఊద్, కుంకుమపువ్వు కలిపిందే అయి ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. పేరు చూసి కాదు, ముక్కుతో చూసి కొనండి.

అయినా నాకు ఒరిజినలే కావాలి, చౌకలో. ఏం చెయ్యాలి?

ఇది ఎవరూ సరిగ్గా లెక్క వెయ్యరు. ఒక మిల్లీకి సుమారు పది స్ప్రేలు వస్తాయి. వంద మిల్లీ సీసా అంటే వెయ్యి స్ప్రేలు. ముప్పై వేల సీసాలో ఒక్క స్ప్రే ముప్పై రూపాయలు, పదిహేను వందల సీసాలో రూపాయిన్నర. రోజూ నాలుగు కొట్టుకుంటే ఒరిజినల్ రోజుకి నూట ఇరవై, బీచ్ రోడ్డులో ఇద్దరు టిఫిన్ చేసినంత. రోజూ అంటే కష్టం, ఒప్పుకుంటా.

కానీ ఇలాంటి బరువైన సెంటు రోజూ ఎవరు కొట్టుకుంటారు? పెళ్ళిళ్ళు, దీపావళి, ఎవరిదో రిసెప్షన్, ఏడాదికి పదీ పన్నెండు సార్లు. ఒక్కోసారి నాలుగు స్ప్రేలు అనుకున్నా ఏడాదికి యాభై లోపే. అంటే ఐదు మిల్లీలు. అసలు సీసాలోంచి చిన్న సీసాలోకి పోసి అమ్మేదాన్ని డికాంట్ అంటారు, ఐదు మిల్లీల డికాంట్ దాని లెక్క ప్రకారం పదిహేను వందలు, అమ్మేవాడి లాభం కలిపి ఇంకొంచెం. అంటే ఒక మంచి డూపు సీసా రేటుకే ఏడాదికి సరిపడా అసలుది వస్తోంది! వంద మిల్లీలు ఎందుకు మనకి, చేపల పులుసుకి పొయ్యాలా?

ఒకే జాగ్రత్త, పోసేవాడు నమ్మకస్తుడై ఉండాలి. ముందు రెండు మిల్లీలు కొని చూడండి, బాగుంటే ఐదు.

మన వైజాగ్ ఉక్కలో ఇది కొట్టుకోవచ్చా?

ఇక్కడే జీలకర్ర కథ. మే నెల, మా కజిన్ నిశ్చితార్థం, రుషికొండ వైపు ఓపెన్ లాన్‌లో, సముద్రం గాలి వస్తుంది కదా అని ఫ్యాన్లు కూడా సరిగ్గా పెట్టలేదు. నేను జీలకర్ర ఉన్న గులాబీ సెంటు ఒకటి, డూపే, ఐదారు స్ప్రేలు కొట్టుకుని పట్టుచీర కట్టుకుని వెళ్ళా. అరగంటకి చెమట మొదలైంది. జీలకర్ర వాసనకి ఉన్న చెడ్డ గుణం ఏంటంటే చెమటతో కలిస్తే అది కూడా చెమటలాగే ఉంటుంది. మా పిన్ని పక్కన కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసి "ఏమే, వంటవాళ్ళు పలావు ఇక్కడే దింపారా ఏటి?" అంది. నేను ఏమీ ఎరగనట్టు "అదే చూస్తున్నా పిన్నీ" అని లేచి వెళ్ళి ఏసీ ఉన్న రూంలో కూర్చున్నా.

వేడికి సెంటు తొందరగా లేస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ వాసన బరువుగా చుట్టూనే తిరుగుతుంది. చలిదేశాల వాళ్ళు వీడియోల్లో "ఆరు స్ప్రేలు కొట్టండి" అంటే అది వాళ్ళ కోటు మీద. మనకి మార్చి నుంచి అక్టోబరు దాకా రెండు, అదీ మెడ మీద కాదు, మోచేతి లోపల ఒకటి, నడుం దగ్గర బట్ట మీద ఒకటి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అసలు సీజన్. డిసెంబరులో అరకు వెళ్తూ ఇది కొట్టుకోండి, దారిలో కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాల తీగల పక్కన నిలబడితే, ఆ చలిలో గులాబీ మిరియాలు రెండూ కలిసి ఎంత బాగుంటాయో చెప్పలేను.

ఎండాకాలం కూడా తప్పదంటే జీలకర్ర, వెనీలా ఉన్నవి పక్కన పెట్టి మిరియాలు, యాలకులు, అల్లం ఉన్నవి చూడండి, అవి కొంచెం తేలిక.

షాపులో ఎలా చూడాలి? అక్కడ అన్నీ ఒకేలా అనిపిస్తాయి.

ఒక రోజు మూడు కంటే ఎక్కువ చూడొద్దు. ముందు పేపర్ ముక్క మీద కొట్టించుకో, నచ్చిన ఒక్కటే చేతి మీద. కొట్టుకోగానే బిల్లు వెయ్యనివ్వొద్దు, అమ్మాయి ఎంత ప్రేమగా "మేమ్ ఈరోజే ఆఫర్" అన్నా సరే. బయటికొచ్చేసి ద్వారకానగర్లో నీ పని చూసుకో, బస్సెక్కు, ఇంటికెళ్ళి వంట చెయ్యి, నాలుగు గంటల తర్వాత చెయ్యి వాసన చూడు. నచ్చితే మర్నాడు వెళ్ళి కొను. మధ్యాహ్నం ఎండలో నడిచి చూడటం ఇంకా మంచిది, ఏసీలో బాగున్నది ఎండలో ఏడిపించొచ్చు.

కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు సరవుతుందని డబ్బా పెడతారు, దానికంటే నీ చున్నీ నువ్వే వాసన చూసుకో, లేదా బయటికెళ్ళి గాలి పీల్చుకో, అంతకంటే ఏం కాదు.

అత్తరుతో పని కాదా? అది ఇంకా చవక కదా?

అవుతుంది, నాకైతే డూపుల కంటే ఇదే ఇష్టం. అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనె కాబట్టి దూరం పోదు, దగ్గరికొచ్చిన వాళ్ళకే తెలుస్తుంది, ఒంటి మీద ఎక్కువసేపు ఉంటుంది. కన్నౌజ్‌లో పాత పద్ధతిలో డేగు అనే పెద్ద రాగి పాత్రలో రేకులూ నీళ్ళూ పోసి కింద మంట పెట్టి, ఆ ఆవిరిని వెదురు గొట్టంలోంచి భప్కా అనే పాత్రలో గంధం నూనెలోకి దింపుతారు, అలా రోజుల తరబడి. కన్నౌజ్ అత్తరుకి జీఐ గుర్తింపు కూడా ఉంది. కానీ పైన చెప్పిన రేకుల లెక్క గుర్తుందా? ఆ లెక్కన వంద రూపాయలకి స్వచ్ఛమైన గులాబీ అత్తరు రాదు, రాలేదు. వందకి వచ్చేది ఫ్యాక్టరీ గులాబీ, గంధం నూనె బదులు వాసన లేని వేరే నూనె. అలాగని పనికిరాదని కాదు, నిజం తెలిసి కొనండి అంతే.

మసీదుల దగ్గర, రంజాన్ టైంలో అయితే మరీ, చిన్న చిన్న అత్తరు బల్లలు ఉంటాయి. పెద్దాయన ఎవరైనా ఉంటే "బాబాయ్, గులాబీ ఒకటి, షమామా ఒకటి చూపించండి" అని అడగండి. షమామా అంటే బోలెడు దినుసులు, వేళ్ళు, మసాలాలు కలిపి వండిన అత్తరు, ఘాటంతా అందులోనే ఉంటుంది. మూడు మిల్లీల సీసాలు తీసుకోండి.

ఇప్పుడు నా లెక్క. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరకముందే వాసన లేని లోషన్ కొంచెం రాసుకోవాలి. మణికట్టు మీద షమామా పుల్లతో ఒక్క చుక్క, చుక్క అంటే చుక్కే. దాని పక్కన గంధం అత్తరు అర చుక్క, సింహాచలం చందన ప్రసాదం చేతికి రాసుకున్నప్పుడు వచ్చే ఆ చల్లదనం దీంతో వస్తుంది. పది నిమిషాలు ఆగి పైన టీ రోజ్ ఒక్క స్ప్రే. నలపొద్దు, రుద్దొద్దు. మొదట కొంచెం గొడవ పడతాయి, అరగంటకి సర్దుకుంటాయి. పోర్ట్రెయిట్‌కి ఇది కాపీ కాదు, కానీ ఆ వీధిలోనే ఇల్లు. మొదటిసారి ఇంట్లో ఉన్న రోజు చెయ్యండి, ఇంటర్వ్యూకి వెళ్ళే రోజు కాదు.

పన్నెండు గంటలు ఉంటుందని రాస్తారు, నిజమేనా?

బట్ట మీద ఉండొచ్చు. ఒంటి మీద మన చెమటకి ఐదారు గంటలు ఉంటే దండం పెట్టుకోండి.

నేను కొట్టుకున్న అరగంటకే వాసన పోతోంది, నకిలీయా?

అయి ఉండొచ్చు, కానీ ఎక్కువసార్లు తప్పు నీ ముక్కుది. ఒకే వాసన దగ్గర ఎక్కువసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, చేపల రేవు దగ్గర ఇల్లున్నవాళ్ళకి వాసన తెలియనట్టు. ముఖ్యంగా అడుగున వేసే కొన్ని మస్కులు (కస్తూరి లాంటి వాసనలు) కొంతమందికి అసలు అందవు. ఇంట్లో వాళ్ళని అడుగు. మా ఆయన్ని అడిగితే "నువ్వు వీధి మొదట్లో ఉండగానే తెలిసింది" అన్నారు, నేనేమో ఇంకో రెండు కొట్టుకుందామని సీసా వెతుకుతున్నా.

మగాళ్ళు కొట్టుకోవచ్చా? గులాబీ అంటే ఆడవాళ్ళది కదా?

ఎవరు చెప్పారు తమ్ముడూ? అరబ్బు దేశాల్లో మగాళ్ళు గులాబీ ఊద్ లేకుండా బయటికి రారు, మన దగ్గర అత్తరు పూసుకునే వాళ్ళలో ఎక్కువమంది మగాళ్ళే. రోజ్ 31 పెట్టిందే మగాళ్ళకి కూడా గులాబీ వేద్దామని. మిరియాలు, లవంగం, కట్టె వాసన ఉన్నది తీసుకో, ఎవరూ ఏమీ అనరు.

ఒంటికి పడుతుందా? నాకు దద్దుర్లొస్తాయి.

ఇది సీరియస్‌గా తీసుకోండి, ఎందుకంటే ఘాటు సెంట్లలో ఒంటికి పడని పదార్థాలు ఎక్కువ. లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్, గులాబీలో జెరానియాల్, సిట్రోనెల్లాల్, ఇవన్నీ యూరప్‌లో లేబుల్ మీద తప్పకుండా రాయాల్సిన అలర్జీ పదార్థాల లిస్టులో ఉన్నవే. డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉంటాయి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. మోచేతి లోపల చిన్నగా రాసి రెండు రోజులు చూడండి. దురద వస్తే ఒంటి మీద ఆపేసి బట్ట మీద కొట్టుకోండి, ఎక్కువైతే చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నన్ను అడక్కండి. చంటిపిల్లల్ని ఎత్తుకునే చోట అసలు వద్దు.

పట్టుచీర మీద కొట్టొచ్చా?

వద్దు. అత్తరైతే మరీ వద్దు, నూనె మరక పోదు. లోపలి లంగా మీదో జాకెట్ లోపలి లైనింగ్ మీదో కొట్టి, ఆరాక చీర కట్టుకోండి. ముత్యాల దండ సెంటు కొట్టుకున్న తర్వాతే వేసుకోవాలి, స్ప్రే తగిలితే ముత్యం మెరుపు చచ్చిపోతుంది.

కొత్త సీసా స్పిరిట్ వాసనొస్తోంది, నెల రోజులు చీకట్లో పెడితే బాగవుతుందట కదా?

కొంచెం. ఐదారు స్ప్రేలు కొట్టి రెండు మూడు వారాలు వదిలేస్తే మొదటి కరుకుదనం తగ్గినట్టు నాకూ అనిపించింది. కానీ గులాబీ లేని చోట గులాబీ పుట్టదు. రిటర్న్ తేదీ దాటేదాకా "ఆగండి ఆగండి, సెట్ అవుతుంది" అనే అమ్మకందారు మాట మాత్రం నమ్మొద్దు.

ఎక్కడ దాచాలి?

బీరువాలో, బట్టల మధ్య. బాత్రూంలో వద్దు, కిటికీ దగ్గర వద్దు, కారు డ్యాష్‌బోర్డులో అస్సలు వద్దు, బీచ్ రోడ్డులో మధ్యాహ్నం పార్క్ చేసిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. డబ్బా పారెయ్యకండి.

నా దగ్గర ఉన్నది పదిహేను వందలే. ఒక్కటే కొనాలి. ఏది?

ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళు తప్ప వాడనంటే ఒరిజినల్ డికాంట్, మూడు నాలుగు మిల్లీలు. వారానికి రెండు మూడు సార్లు కావాలంటే షమామా, గంధం, టీ రోజ్ ముగ్గురూ కలిపి, అత్తర్లు చిన్న సీసాల్లో తీసుకుంటే సర్దుకోవచ్చు. రోజూ ఆఫీసుకి కావాలంటే అసలు ఘాటు గులాబీ మానేసి తేలికైనది ఏదైనా కొనుక్కో, మధురవాడ వెళ్ళే ఏసీ బస్సులో నీ పక్కన కూర్చునేవాడు కూడా మనిషే కదా.

ఇంతకీ అక్కా, నీ దగ్గర అసలుది ఉందా?

ఉంది. ఐదు మిల్లీల డికాంట్, పోయినేడు కొన్నది. మూడో వంతు మా కజిన్ పెళ్ళికి, పిన్ని ముందు పరువు నిలబెట్టుకోవడానికి అయిపోయింది. ఈసారి పక్కన కూర్చుని "ఇదేం సెంటే, నాకూ కొంచెం కొట్టు" అంది. ఇంకా మూడు మిల్లీల చిల్లర ఉంది, బీరువాలో, మా అమ్మ పట్టుచీరల కింద. అడక్కండి, ఇవ్వను, తమ్ముడి పెళ్ళి మాఘమాసంలో ఉంది.